నాలుగు నానోమీటర్ల కణం, రెండు కొలతలు: ఐరన్-ప్లాటినం కేస్ స్టడీ

ఐరన్-ప్లాటినం నానో కణాల మీద వచ్చే పరిశోధన పత్రాలు చదివేటప్పుడు నాకో అలవాటు ఉంది. కణం సైజు చెప్పిన వాక్యం కింద ఒక గీత, కోయర్సివిటీ (అయస్కాంతత్వాన్ని తిరగేయడానికి కావాల్సిన ఎదురు ఫీల్డ్) చెప్పిన వాక్యం కింద ఇంకో గీత గీసుకుంటాను. ఆ రెండు కొలతలూ ఒకే పొడి మీద తీసినవేనా అని వెతుకుతాను. చాలాసార్లు కావు. సైజు కొలిచింది ఫర్నేస్‌లో పెట్టకముందు, కోయర్సివిటీ కొలిచింది ఫర్నేస్‌లోంచి తీశాక. ఆ మధ్యలో కణానికి ఏమైందన్నదే ఈ కేసు.

అసలు ఈ కణాల మీద అందరికీ ఇంత మోజు ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. 2000లో ఐబీఎం పరిశోధకులు షౌహెంగ్ సన్, క్రిస్టఫర్ మర్రే, డీటర్ వెల్లర్, లీసల్ ఫోక్స్, ఆండ్రియాస్ మోజర్ కలిసి 'సైన్స్' పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. ఫ్లాస్కులో మామూలు కెమిస్ట్రీతో 3 నుంచి 10 నానోమీటర్ల ఐరన్-ప్లాటినం కణాలు, అన్నీ దాదాపు ఒకే సైజులో తయారు చేశారు. ద్రావకం ఆరిపోతుంటే ఆ కణాలు వాటంతట అవే వరుసలు కట్టాయి. వేడి చేశాక ఆ పొర మీద అయస్కాంత హెడ్‌తో రాసి, తిరిగి చదివి చూపించారు. మిల్లీమీటరుకు అయస్కాంత దిశ మారే మలుపులు 5000 దాకా నిలిచాయి. ఒక్కో కణం ఒక్కో బిట్ అయితే ఎంత పడుతుందని లెక్క వేయని వాళ్లు ఆ రోజుల్లో లేరు. 4 నానోమీటర్ల కణం, చుట్టూ ఉన్న నూనె పొరతో కలిపి కేంద్రం నుంచి కేంద్రానికి 8 నానోమీటర్ల దూరం అనుకుంటే, చదరపు అంగుళానికి 11 లక్షల కోట్లకు పైగా కణాలు పడతాయి. చదరపు అంగుళానికి 1 టెరాబిట్ (లక్ష కోట్ల బిట్లు) సాంద్రత వద్ద ఒక్కో బిట్‌కు దక్కే చోటు 25 నానోమీటర్ల చదరం. దాంతో పోలిస్తే ఇది పదకొండు రెట్లు.

లెక్క బాగానే ఉంది. చిక్కంతా వేడి దగ్గర వస్తుంది. గది ఉష్ణోగ్రత కూడా అణువులకు వేడే.

ఒక కణం తన అయస్కాంత దిశను నిలబెట్టుకోవాలంటే, దాన్ని తిరగేయడానికి అడ్డుపడే శక్తి, ఉష్ణ శక్తి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. ఆ అడ్డు శక్తి అంటే పదార్థపు అనైసోట్రోపీ (అయస్కాంతత్వం ఒకే దిక్కును పట్టుకుని ఉండే బలం) విలువను కణం ఘనపరిమాణంతో హెచ్చిస్తే వచ్చేది. ఈ నిష్పత్తి 25 ఉంటే కణం నిమిషం పైచిలుకులో తిరగబడుతుంది. 40 ఉంటే ఏడేళ్లు ఆగుతుంది. 60 అయితే వందల కోట్ల ఏళ్లు. నిష్పత్తి కాస్త మారితే కాలం కోట్ల రెట్లు మారడం చూశారు కదా, అందుకే డిస్కు తయారీదారులు 60 దగ్గర గీత గీసి కూర్చుంటారు. అన్ని రేణువులూ ఒకే సైజులో ఉండవు కాబట్టి ఆ మార్జిన్ తప్పదు.

ఇప్పుడు 4 నానోమీటర్ల గోళం తీసుకోండి. అది కోబాల్ట్ అయితే నిష్పత్తి 4 కూడా రాదు. కోబాల్ట్‌తో 60 కావాలంటే కణం 10 నానోమీటర్లు దాటాలి. అదే ఐరన్-ప్లాటినం, సరైన క్రమంలో ఉంటే ఘనపు మీటరుకు దాదాపు 66 లక్షల జౌళ్ల అనైసోట్రోపీ ఇస్తుంది. నిష్పత్తి 53 వస్తుంది. 'సరైన క్రమంలో ఉంటే' అన్న ఆ మూడు మాటల మీదే పాతికేళ్ల పని నడిచింది.

క్రమం అంటే ఏమిటంటే, ఈ మిశ్రమ లోహంలో ఇనుము, ప్లాటినం అణువులు సగం సగం ఉంటాయి. ఏ స్థానంలో ఏది ఉందో పట్టింపు లేకుండా కలగాపులగంగా కూర్చుంటే అది ఘనాకార నిర్మాణం. అయస్కాంతానికి ఇష్టమైన దిక్కంటూ ప్రత్యేకంగా ఉండదు. ఒక వరస ఇనుము, దాని మీద ఒక వరస ప్లాటినం, మళ్లీ ఇనుము, ఇలా పేర్చుకుంటే అది ఎల్-వన్-నాట్ నిర్మాణం. పేర్చిన దిక్కులో ఘనం కొంచెం కుంచించుకుంటుంది, 3.85 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒకటంటే నానోమీటరులో పదో వంతు) ఉండాల్సింది 3.71కి దిగుతుంది. ఆ దిక్కే అయస్కాంతానికి ఈజీ యాక్సిస్, అంటే అయస్కాంతత్వం సులువుగా నిలిచే దిక్కు, అవుతుంది. ఫ్లాస్కులోంచి వచ్చే కణం కలగాపులగం రకం. దాన్ని క్రమంలో పెట్టాలంటే కాల్చాలి.

తయారీ వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. మా ల్యాబ్‌లో మొదట పట్టుకున్నది సన్ పద్ధతే. ప్లాటినం ఎసిటైల్‌ఎసిటోనేట్ 197 మిల్లీగ్రాములు, అంటే అర మిల్లీమోల్. హెక్సాడెకేన్‌డయాల్ 390 మిల్లీగ్రాములు. డైఆక్టైల్ ఈథర్ 20 మిల్లీలీటర్లు. నైట్రోజన్ కింద 100 డిగ్రీలకు వేడి చేస్తే పసుపు పొడి కరిగి పసుపు ద్రావణం అవుతుంది. అప్పుడు ఓలియిక్ ఆమ్లం, ఓలియైల్‌అమీన్ అర మిల్లీమోల్ చొప్పున, ఐరన్ పెంటాకార్బొనైల్ ఒక మిల్లీమోల్ సిరంజితో వదిలి, 297 డిగ్రీలకు తీసుకెళ్లి అరగంట మరగనివ్వాలి. డయాల్ ప్లాటినాన్ని లోహంగా మారుస్తుంది. కార్బొనైల్ వేడికి విడిపోయి ఇనుము వదులుతుంది. రెండూ కలిసి విత్తనం కడతాయి. ఆమ్లం, అమీన్ కణం ఒంటికి అంటుకుని ఇక పెరగొద్దంటాయి. పసుపు కాస్తా గోధుమ రంగులోకి, అక్కడి నుంచి నలుపులోకి తిరుగుతుంది. నలుపు వచ్చాక మళ్లీ రంగు చూసి చెప్పగలిగేది ఏమీ లేదు.

ఇనుము ఒక మిల్లీమోల్, ప్లాటినం అర మిల్లీమోల్ ఎందుకని కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థీ అడుగుతాడు. సగం సగం మిశ్రమం కావాలంటే సమానంగా వేయాలి కదా అని. ఐరన్ పెంటాకార్బొనైల్ 103 డిగ్రీలకే మరిగిపోతుంది. ఫ్లాస్కు 297 దాకా పోతుంటే ఇనుములో కొంత ఆవిరై కండెన్సర్‌లో తిరుగుతూ ఉంటుంది, కణంలోకి రాదు. ఒకటికి రెండు వేస్తే కణంలో ఇనుము 52 పాళ్లు, ప్లాటినం 48 పాళ్లుగా తేలుతుంది. రెండుకు మూడు వేస్తే 48, 52. అంటే కండెన్సర్ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయన్నది కూడా మీ మిశ్రమాన్ని మార్చగలదు. హైదరాబాద్ మే నెలలో ట్యాపు నీళ్లతో నడిపిన కండెన్సర్‌నూ చిల్లర్ పెట్టిన కండెన్సర్‌నూ ఒకటే అనుకోకండి. ప్రతి బ్యాచ్‌లో పాళ్లు కొలిచి తీరాలి. క్రమం బాగా కుదిరేది సగం సగానికి కాస్త అటూ ఇటూ ఉన్నంతవరకే.

ఇంకో సంగతి. ఐరన్ పెంటాకార్బొనైల్ విషం, అది విడిపోతే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. ఫ్యూమ్ హుడ్ లాగుతుందో లేదో కాగితం ముక్క పెట్టి చూడకుండా సీసా మూత తీయనివ్వను. తర్వాత్తర్వాత దాని బదులు ఐరన్ ఎసిటైల్‌ఎసిటోనేట్ వాడే పద్ధతులు వచ్చాయి. ఆవిరైపోయే గొడవ తగ్గుతుంది. సైజు ఒకేలా రావడంలో మాత్రం నాకు ఇప్పటికీ కార్బొనైల్ పద్ధతే మేలనిపిస్తుంది.

చల్లారాక ఇథనాల్ పోసి కణాలను దించి, సెంట్రిఫ్యూజ్ చేసి, హెక్సేన్‌లో తిరిగి కలపాలి. ఇంక్ లాంటి ఆ సీసా పక్కన బలమైన నియోడైమియం అయస్కాంతం పెట్టినా ఏమీ కదలదు. సందర్శకులు ఇది అయస్కాంత కణమేనా అని అనుమానంగా చూస్తారు. క్రమం లేని 4 నానోమీటర్ల కణానికి, గది ఉష్ణోగ్రతలో, అడ్డు శక్తికీ ఉష్ణ శక్తికీ ఉన్న ఆ నిష్పత్తి 2 చుట్టుపక్కలే. దాని దిశ నానోసెకన్లలో తిరిగిపోతూ ఉంటుంది. చల్లబరుస్తూ కొలిస్తే, 25 కెల్విన్‌ల చుట్టుపక్కల, అంటే దాదాపు మైనస్ 250 డిగ్రీల దగ్గర గానీ ఆ తిరుగుడు ఆగదు. ద్రవ హీలియంలో పనిచేసే హార్డ్ డిస్కు ఎవరు కొంటారు?

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలు స్ఫటికం మీద పడి ఏ కోణంలో చెదురుతాయో చూసే పరీక్ష) ఈ దశలో కనిపించేది 40 డిగ్రీల కోణం దాటాక ఒక లావుపాటి శిఖరం. దాని వెడల్పు 2 డిగ్రీలు. శిఖరం వెడల్పు నుంచి కణం సైజు చెప్పే షెరర్ సూత్రంలో పెడితే 4 నానోమీటర్లు వస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసినా అదే. ఇంతవరకు ఏ గొడవా లేదు.

ఇక ఫర్నేస్. ఆర్గాన్‌లో 7 శాతం హైడ్రోజన్ కలిపిన వాయువు కింద 600 డిగ్రీల దగ్గర గంట కాల్చాం. 24 డిగ్రీల దగ్గర ఒకటి, 33 డిగ్రీల దగ్గర ఒకటి, అంతకుముందు లేని రెండు చిన్న శిఖరాలు లేచాయి. వరసలు కట్టిన నిర్మాణానికి అవే సాక్ష్యం. పొడి అయస్కాంతం వైపు ముళ్లలా నిలబడింది. ఫీల్డ్‌ను పెంచుతూ తగ్గిస్తూ అయస్కాంతత్వాన్ని గీస్తే వచ్చే లూప్‌లో కోయర్సివిటీ 1 టెస్లా దాకా వచ్చింది.

"మేడమ్, లూప్ తెరుచుకుంది!" అని పరుగెత్తుకొచ్చింది మా పీహెచ్‌డీ అమ్మాయి.

"పెద్ద శిఖరం వెడల్పు ఎంతుందమ్మా?"

0.6 డిగ్రీలు. అంటే 14 నానోమీటర్లు. 4 నానోమీటర్ల కణాలు నలభైకి పైగా కలిసిపోతే గానీ ఒక 14 నానోమీటర్ల ముద్ద కాదు. ఎండాకాలం డబ్బాలో పెట్టిన బెల్లం ముక్కల్లా కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒంటికి ఉన్న నూనె పొర 400 డిగ్రీలలోపే కాలిపోయి బొగ్గు మిగులుతుంది. ఆ తర్వాత కణానికీ కణానికీ మధ్య అడ్డు లేదు. క్రమం రావడానికి అణువులు కదలాలి, అదే కదలికతో పక్క కణంలోకీ పోతాయి. ఒకటి కావాలి, ఇంకొకటి వద్దు అంటే వేడి వినదు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 2001లోనే దై, సన్, వాంగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి ఈ కణాలు క్రమంలోకి రావడం, అతుక్కోవడం ఎంత దగ్గర దగ్గర ఉష్ణోగ్రతల్లో జరుగుతాయో చూపించారు. వెండి కొంచెం కలిపితే క్రమం వచ్చే ఉష్ణోగ్రత వంద డిగ్రీలకు పైగా దిగుతుందని అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు చూపారు. దాంతో కొంత ఊపిరి ఆడింది, సమస్య మాత్రం పూర్తిగా తీరలేదు.

అతుక్కున్నాయా లేదా అని తెలుసుకోవడానికి మైక్రోస్కోప్ దాకా పోనక్కర్లేదు, లూప్‌లోనే ఒక గుర్తు ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని కణాలు, ఈజీ యాక్సిస్‌లు తలో దిక్కుకు ఉంటే, ఫీల్డ్ తీసేశాక మిగిలే అయస్కాంతత్వం పూర్తి విలువలో సరిగ్గా సగం ఉండాలి. 0.5 కంటే బాగా ఎక్కువ, 0.7 లాంటిది వచ్చిందంటే కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయని అర్థం. చాలామంది ఎక్కువ వస్తే మంచిదని సంతోషిస్తారు. శాశ్వత అయస్కాంతం చేసేవాళ్లకు అది మంచిదే. ఒక్కో కణం ఒక్కో బిట్ కావాలనుకునేవాళ్లకు అది చెడ్డ వార్త. లూప్ నడుం దగ్గర సన్నబడిందంటే మరో జబ్బు. క్రమం కుదిరిన కణాలతో పాటు కుదరని కణాలో, ఐరన్ ఆక్సైడో కలిసి ఉందన్నమాట.

అతుక్కోకుండా కాల్చడానికి దారులు కొన్ని ఉన్నాయి. కణం చుట్టూ సిలికా గుల్ల కట్టి 900 డిగ్రీలకు కాల్చినవాళ్లున్నారు. మెగ్నీషియం ఆక్సైడ్ గుల్ల కట్టినవాళ్లున్నారు. మేము పట్టుకున్నది అన్నిటికంటే చవకైనది, ఉప్పు. ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పింగ్ లియూ బృందం 2005, 2006 ప్రాంతంలో దీన్ని బాగా అభివృద్ధి చేసింది. సోడియం క్లోరైడ్ 801 డిగ్రీల దాకా కరగదు, ఇనుముతో గానీ ప్లాటినంతో గానీ చర్య జరపదు, పని అయ్యాక నీళ్లలో కడిగేయొచ్చు.

వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో అయోడిన్ ఉంటుంది, ముద్దకట్టకుండా కలిపే పొడులుంటాయి. ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ తీసుకుని, బాల్ మిల్‌లో మెత్తగా ఆడి, ఓవెన్‌లో ఆరబెట్టాలి. వానాకాలంలో అయితే ఓవెన్ నుంచి తీసిన వెంటనే డెసికేటర్‌లోకి పోవాలి, లేకపోతే గంటలో గడ్డ కడుతుంది. హెక్సేన్‌లోని కణాలను ఆ ఉప్పు మీద పోసి, హెక్సేన్ మొత్తం ఎగిరిపోయే వరకు కలపాలి. ఉప్పు బరువు కణాల బరువుకు వంద రెట్లకు తగ్గనివ్వం. తెల్ల ఉప్పు సమంగా బూడిద రంగుకు వస్తే కలిసినట్టు. ఎక్కడైనా నల్ల చుక్క కనిపిస్తే అక్కడ కణాలు గుంపు కట్టాయి, ఆ గుంపు ఫర్నేస్‌లో ఒకే ముద్ద అవుతుంది. కాబట్టి మళ్లీ నూరాలి. ముందు 400 డిగ్రీల దగ్గర ఆగి నూనె పొరను పోనిచ్చి, ఆ తర్వాత 700 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చాలి. చల్లారాక నీళ్లతో కడిగి, కడిగి, ఓలియిక్ ఆమ్లం, ఓలియైల్‌అమీన్ మళ్లీ తొడిగి హెక్సేన్‌లోకి తీసుకోవాలి.

కడగడంలో బద్ధకించకూడదు. ఉప్పు ప్రధాన శిఖరం ఎక్స్‌ఆర్‌డీలో 31.7 డిగ్రీల దగ్గర వస్తుంది, మనం వెతికే శిఖరం 33 దగ్గర. ఉప్పు మిగిలితే ఆ నీడలో మనది సరిగా కనపడదు. క్రమం ఎంత కుదిరిందో చెప్పే శిఖరాల నిష్పత్తి తప్పుగా వస్తుంది. 24 డిగ్రీల శిఖరాన్ని నమ్ముకోవడం మేలు.

కణాలు విడివిడిగా బతికాయి. కానీ 4 నానోమీటర్ల కణంలో క్రమం పూర్తిగా రాలేదు. శిఖరాలు నీరసంగా ఉన్నాయి, కోయర్సివిటీ తక్కువగా ఉంది. లియూ బృందం 2 నుంచి 15 నానోమీటర్ల దాకా ఉప్పులో కాల్చి చూపించింది కూడా ఇదే. కణం చిన్నదయ్యేకొద్దీ క్రమం తగ్గుతుంది, క్యూరీ ఉష్ణోగ్రత (దాటితే అయస్కాంతత్వం పోయే వేడి) తగ్గుతుంది, అయస్కాంతత్వం తగ్గుతుంది. అంత చిన్న కణంలో అణువుల్లో పెద్ద భాగం పైపొరలోనే ఉంటుంది. పైపొర అణువుకు ఒక పక్క పొరుగే లేదు, వరస ఎవరితో కడుతుంది? నిష్పత్తి 53 అని పైన వేసిన లెక్క పుస్తకంలోని అనైసోట్రోపీతో వేసింది. అసలు 4 నానోమీటర్ల కణానికి ఆ విలువ దక్కదు.

అందుకని 8 నానోమీటర్లకు పెరిగాం. 2004లో సన్ బృందమే డయాల్ వాడకుండా, పదార్థాల పాళ్లు, వేడి ఎక్కే తీరు మార్చి 6 నుంచి 9 నానోమీటర్ల కణాలు చేసే దారి చూపింది. డయాల్ లేకపోతే విత్తనాలు తక్కువ పుడతాయి, ఉన్న లోహమంతా వాటి మీదికే చేరి కణం పెద్దదవుతుంది. ఆ కణాలను ఉప్పులో కాల్చితే శిఖరాలు నిటారుగా లేచాయి, సైజు మారలేదు.

కోయర్సివిటీ మాత్రం 0.6 టెస్లా దగ్గరే ఆగిందని రిపోర్టు వచ్చింది. క్రమం ఇంత బాగుంటే అది కుదరదు. బయట ఒక చోట వీఎస్‌ఎమ్ (అయస్కాంతత్వం కొలిచే యంత్రం) మీద కొలిపించినది అది, గరిష్ఠ ఫీల్డ్ 1.5 టెస్లా. ఐరన్-ప్లాటినం అనైసోట్రోపీ ఫీల్డ్, అంటే కణాన్ని పూర్తిగా తిప్పడానికి లెక్క ప్రకారం కావాల్సిన ఫీల్డ్, 11 టెస్లా పైన. 1.5 టెస్లాకు తిరిగేది బలహీనమైన కణాలే, బలమైనవి కదలను కూడా కదలవు. వచ్చింది పూర్తి లూప్ కాదు, లోపలి లూప్. 9 టెస్లాల మెషీన్ మీద కొలిస్తే 2 టెస్లాలు దాటింది. పాత లూప్ తెచ్చి పక్కన పెట్టి చూస్తే గుర్తు అప్పుడే ఉంది. పోయే గీత, వచ్చే గీత చివరి ఫీల్డ్ దాకా కలవలేదు, కొస మొనదేలి ఉంది. మన దగ్గర చాలా కాలేజీల వీఎస్‌ఎమ్‌లు 2 టెస్లా లోపువే. ఫెర్రైట్లకు అవి చాలు. ఈ పదార్థానికి చాలవు. ఇంకోటి, గ్రాముకు ఇంత అయస్కాంతత్వం అని రాసేముందు టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతుందో కొలిచే పరీక్ష) తీయండి. పొడి బరువులో 30 శాతం నూనె పొర ఉంటే, గ్రాముకు 45 ఈఎమ్‌యూ (అయస్కాంతత్వపు కొలమానం) అని వచ్చినది నిజానికి 64. నూనెకు అయస్కాంతత్వం లేదు కదా.

మరి ఈ కణాలు డిస్కులోకి వెళ్లాయా? ఐరన్-ప్లాటినం వెళ్లింది, ఫ్లాస్కు కణం వెళ్లలేదు. సీగేట్ 2024 జనవరిలో మొజాయిక్ 3 ప్లస్ పేరుతో 30 టెరాబైట్లు దాటిన డ్రైవులు ప్రకటించింది, ఒక్కో పళ్లేనికి 3 టెరాబైట్లు. వాటి మీద ఉన్నది ఐరన్-ప్లాటినమే. దాన్ని స్పటరింగ్‌తో (లోహపు దిమ్మ నుంచి అణువులను కొట్టి రాల్చి పొరగా పరిచే పద్ధతి), గాజు పళ్లెం మీద, కాలుతున్న ఉపరితలం మీదే పెంచుతారు. కింద మెగ్నీషియం ఆక్సైడ్ పొర వేస్తారు, దాని స్ఫటిక నిర్మాణం పైన పెరిగే రేణువుల ఈజీ యాక్సిస్‌ను నిటారుగా నిలబెడుతుంది. మధ్యలో కార్బన్ లాంటివి చేరి రేణువులను విడదీస్తాయి. రాసే హెడ్ నుంచి వచ్చే ఫీల్డ్ ఐరన్-కోబాల్ట్ మిశ్రమం పరిమితి వల్ల 2.4 టెస్లాను మించదు. 11 టెస్లాల పదార్థాన్ని దాంతో తిప్పలేరు. అందుకే లేజర్‌తో ఆ చిన్న చోటును 750 కెల్విన్‌ల క్యూరీ ఉష్ణోగ్రత దగ్గరికి క్షణంలో వేడెక్కించి, మెత్తబడ్డప్పుడు రాసి, చల్లారనిస్తారు.

ఫ్లాస్కు కణం ఎక్కడ ఓడిందో ఇక్కడ తేటగా కనిపిస్తుంది. సైజు ఒకేలా ఉండటంలో అది ఇప్పటికీ ముందే ఉంది. కానీ హెక్సేన్ ఆరిపోతుంటే వరస కట్టే గోళానికి తన ఈజీ యాక్సిస్ ఎటుందో పట్టదు. గుండ్రటి కణాలు స్థానంలో వరస కడతాయి గానీ దిక్కులో వరస కట్టవు. ఉప్పులో కాల్చి, కడిగి, అయస్కాంత ఫీల్డ్‌లో ఆరబెడితే కొంత సర్దుకుంటాయి, అదీ కణాలు ఒకదాన్నొకటి లాక్కుని గుంపు కట్టకపోతే. వాటి వరసలు మైక్రోమీటర్ల మేర బాగుంటాయి, ఆపైన పగుళ్లు. డిస్కు మీద ట్రాకు మాత్రం ఒక చుట్టు మొత్తం తప్పకుండా ఉండాలి. సైజు సమస్యను కెమిస్టులు తీర్చారు, దిక్కు సమస్యను మెగ్నీషియం ఆక్సైడ్ తీర్చింది. డిస్కు కంపెనీకి రెండోదే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం.

మా ఉప్పులో కాల్చిన 8 నానోమీటర్ల పొడి సీసాలు ఇప్పుడు ఫ్యూయల్ సెల్ మీద పనిచేసే పక్క ల్యాబ్‌కు పోతున్నాయి. 2010లో సన్ బృందం బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి చూపించినది అదే. క్రమంలో ఉన్న ఐరన్-ప్లాటినం కణాన్ని ఆమ్లంలో పెడితే, కలగాపులగం కణం కంటే ఇనుమును బాగా పట్టి ఉంచుతుంది, ఆక్సిజన్ చర్యకు మంచి ఉత్ప్రేరకం అవుతుంది. వాళ్లకు కోయర్సివిటీతో పనిలేదు. అయినా ప్రతి సీసాతో పాటు లూప్ పంపమని అడుగుతారు. ఆమ్లంలో నానబెట్టాక పొడిని మళ్లీ మాకే పంపించి 9 టెస్లాలలో కొలిపించుకుంటారు. కోయర్సివిటీ పడిపోలేదంటే వరసలు చెక్కు చెదరలేదని, ఇనుము బయటికి పోలేదని తెలుస్తుంది.